టేకు ప్లాంటేషన్‌లో లాంటానా: కొట్టిన ఏడాదికే భుజాల దాకా లేచింది, మళ్ళీ సంతకం పెట్టాల్నా?

గూడూరు వీఎస్ఎస్:
అందరికి నమస్తే. మాది మానుకోట జిల్లా గూడూరు దిక్కు, పాకాల అడవి అంచున ఊరు. మా వన సంరక్షణ సమితి కింద ఉన్న జాగల కొంత పాత టేకు ప్లాంటేషన్, మిగిలింది నల్లమద్ది, తునికి, ఏగి కలిసిన అడవి. పోయినేడు కాంట్రాక్టు మీద లాంటానా, అదే ఆ ముండ్ల పూల కంప, కొట్టిచ్చిన్రు. నేల మట్టానికి నరికి, కుప్పలేసి, ఎండినంక అంటువెట్టిన్రు. ఎండకాలం చూస్తే ఈ కొస నుంచి ఆ కొస కనవడ్డది. ఫోటోలు దిగిన్రు, బిల్లు అయింది.

ఇప్పుడు పొయ్యి చూస్తే ఒక్కో మోడుకు పది పన్నెండు పిలకలు, మనిషి భుజాల దాకా. మునుపు లేని చోట గూడ మొలిచింది. కుప్పలు కాలిన జాగల పిచ్చి తులసి గుబురుగ లేచింది. పసురాలు కొరికేందుకు ఒక్క గడ్డిపోచ లేదు. మళ్ళా కొట్టిస్తం, సమితి తీర్మానం ఇయ్యిమంటున్నరు. సంతకం పెట్టాల్నా వద్దా అని ఒకటే రంధి. ఎరుకున్నోళ్ళు చెప్పుండ్రి.

వృక్షం మాస్టారు:
మోడుకు పిలకలు రావడంలో వింతేమీ లేదు తమ్ముడూ. కాండం వేరుతో కలిసే చోట, నేల కింద రెండు మూడు అంగుళాల లోపు, లాంటానాకు మొగ్గలు దాగి ఉంటాయి. పైన నరికినా, మంట పెట్టినా అవి చావవు. ఒక కొమ్మ పోతే పది లేస్తాయి. మీ కాంట్రాక్టరు చేసింది కంప తీయడం కాదు, కొమ్మ కత్తిరింపు.

ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్.బాబు బృందం కార్బెట్ పులుల అడవిలో చేసి చూపించిన పద్ధతి ఒకటుంది. ‘కట్ రూట్‌స్టాక్’ అంటారు. పొడవాటి కర్రకు వెడల్పాటి ఇనుప అంచు బిగించిన పనిముట్టుతో పక్క నుంచి పొడిచి, ప్రధాన వేరును నేల మట్టానికి 3 అంగుళాల కింద తెంపుతారు. పొదను అలాగే పెకలించి, వేర్లు పైకి వచ్చేలా బోర్లించి పడేస్తారు. అలా అయితే ఎండి చస్తుంది తప్ప మళ్ళీ నేల పట్టదు. నేలను పెద్దగా కెలకనక్కర లేదు కాబట్టి మట్టిలో ఉన్న విత్తనం కూడా రెచ్చిపోదు.

మునుపు లేని చోట ఎందుకు వచ్చిందంటారా, పిట్టలు. పిగిలిపిట్టలు, గొరువంకలు ఆ నల్లటి పళ్ళు తిని ఎక్కడ వాలితే అక్కడ గింజ వేస్తాయి. మామూలుగా అయితే గడ్డిలో, నీడలో పడిన గింజ లేవలేదు. మీరు నేలను బోడి చేసి, కాల్చి, ఎండ తగిలేలా పెట్టారు. దానికి కావలసింది అదే.

బీటు గస్తీ:
సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను గస్తీ తిరిగేటోణ్ని, ఏ జిల్లా అని అడగొద్దు. పని ఎట్ల జరుగుతదో చెప్త. కూలి హెక్టారు లెక్కన. గొడ్డలితోని నరికితే జెప్పన అయిపోతది. వేరు తెంపాలంటే వంగి పొదలకు దూరాలె. లాంటానా కాండం నాలుగు పలకలుగ ఉండి ప్రతి అంచుకు కొంకి ముండ్లు వెనక్కి తిరిగి ఉంటయి, చెయ్యి లోపటికి పోతది గని బయటికి రాదు. అదే రేటుకు ఏ మేస్త్రి తవ్విస్తడు? కొలత పుస్తకం పట్టుకొని వచ్చినాయన గూడ చూసేది పైన కంప ఉన్నదా లేదా అనే. వేరు తెగిందా అని వంగి చూసేటోడు లేడు.

రెండో ఏడు, మూడో ఏడు మొలకలు పీకే పని ప్లానుల ఉంటది. పైసలు చేతికి వచ్చే వరకు మొలక పొద అయితది. అసలు రోగం ఇదీ. మొదటి ఏడు పనికి ఉన్నంత ముచ్చట రెండో ఏడు పనికి లేదు, ఎందుకంటే రెండో ఏడు ఫోటోల చూపెట్టేతందుకు ఏమీ ఉండదు.

గూడూరు వీఎస్ఎస్:
అన్నా, ఇంత ఖుల్లగ చెప్పినవ్. మరి కొలిచేటప్పుడు సమితోళ్ళం పక్కన నిలబడితే ఏమన్న ఫరక్ పడతదా?

బీటు గస్తీ:
పడతది. కొట్టిన జాగల నుంచి పది మోడులు పీకి చూపెట్టుమని అడుగు. తెగనియి రెండు మూడు దొరికినా మేస్త్రికి భయం ఉంటది. గని ఆ మాట తీర్మానంల ముందే రాయాలె, పనైనంక లొల్లి చేస్తే ఎవడు ఇనడు.

సీతాకోక ఫోటో:
కాస్త అవతలి పక్క నుంచి కూడా చూడండి. నేను హనుమకొండ నుంచి ఆదివారాలు పాకాల, లక్నవరం వైపు కెమెరా వేసుకుని వెళ్తుంటాను. లాంటానా పొద దగ్గర నిలబడితే గంటలో రకరకాల సీతాకోకచిలుకలు దొరుకుతాయి. ఒకే గుత్తిలో నడుమ పసుపు, అంచున నారింజ, గులాబీ. పసుపు పువ్వులోనే తేనె ఎక్కువ, పురుగు వాలి వెళ్ళాక అది రంగు మారుతుంది, సీతాకోకలు కూడా పసుపు మీదే వాలుతాయి. పిట్టలకు పళ్ళు. ఇన్ని ప్రాణులకు ఆధారమైనదాన్ని రాక్షసి అంటే ఎలా?

వృక్షం మాస్టారు:
మీ ఫోటోలు చూశాను, చాలా బాగుంటాయి. కానీ మీరు తీసేది తేనె తాగే పెద్ద సీతాకోకను. అది గుడ్లు పెట్టేది లాంటానా మీద కాదు. రేలచెట్టు ఆకు మీద ఒకటి, జిల్లేడు మీద ఒకటి, మారేడు, వెలగ మీద ఇంకొకటి. గొంగళిపురుగుకు ఆ ఆకే కావాలి, పక్క ఆకు ముట్టదు. లాంటానా కింద రేల మొలక లేవకపోతే పదేళ్ళ తర్వాత మీ కెమెరాకు ఏం దొరుకుతుంది? హోటలు బాగుందని పిల్లల్ని కనే ఇల్లు కూలగొట్టుకుంటామా.

ఇది ఈ దేశపు మొక్కే కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా వృక్షోద్యానానికి అందం కోసం తెచ్చారు. తోటల కంచెల్లోంచి అడవిలోకి వచ్చింది. 2020లో వచ్చిన ఒక పరిశోధన పత్రం దేశంలోని పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా దీని పాలబడినట్టు లెక్క కట్టింది. విస్తీర్ణంలో 1,54,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. మన తెలంగాణ రాష్ట్రం మొత్తం 1,12,000 అని గుర్తు పెట్టుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది.

సీతాకోక ఫోటో:
రేల సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. అయినా అంతా ఒకేసారి ఊడ్చేయకండి అంటాను. ముక్కలు ముక్కలుగా తీయండి, మిగతా పొదల్లో పిట్టకు తావు ఉంటుంది.

వృక్షం మాస్టారు:
దానికి అభ్యంతరం లేదు. ముక్కలుగా చేస్తేనే చేసిన ముక్కను కాపాడుకోగలం కూడా.

ములుగు అక్క:
నేను తునికాకు ఏరేదాన్ని, మా సంఘంల లెక్కలు గూడ రాస్త. సీతాకోకల తమ్ముడు బాధపడకు గని, లాంటానా ఉన్న కాడ మేం అడుగుపెట్టలేం. తునికి పొద మోకాలెత్తున కొత్త చిగురు ఏస్తేనే ఆకు పనికొస్తది. కంప కమ్ముకుంటే చిగురే లేదు. ఇప్పపువ్వు కాలంల చెట్టు కింద ఊడ్చుకుంటం గద, కింద ఇది అల్లుకుంటే పువ్వు ముండ్లల్ల పడి ఆడనే మురుగుతది. ఇగ ఎలుగు. దానికి ఈ పండ్లంటే మస్తు ఇష్టం, పొదలనే పంటది. పొద్దుగాల పొద్దుగాల ఇప్పపువ్వు ఏరేటోళ్ళు దానికి ఎదురువడుడు ఈ కంపల వల్లనే ఎక్కువైంది.

నా భయం ఇంకోటి ఉన్నది. 2024 ఆగస్టు 31 నాడు తాడ్వాయి, మేడారం అడవిల సుడిగాలి వచ్చి వేల చెట్లు వేళ్ళతో సహా కూలినయి, అందరు టీవీల చూసిన్రు. సూర్యుడు కనవడని జాగ ఇయ్యాల ఆకాశం కిందనే ఉన్నది. ఆ నేల మీదికి ముందుగాల ఏమొస్తది సారూ?

వృక్షం మాస్టారు:
అక్కా, మంచి ప్రశ్న అడిగావు. పెద్ద చెట్లు పడితే నేలకు ఒక్కసారిగా ఎండ తగులుతుంది. వేర్లు పైకి లేచిన చోట మట్టి తిరగబడుతుంది. ఈ రెండూ దొరికితే లాంటానా, పిచ్చి తులసి, వయ్యారిభామ ముందు వరసలో ఉంటాయి. అయితే ఆ అడవి కింద ఎన్నో ఏళ్ళుగా పడ్డ మద్ది, తిరుమాను, వెదురు గింజా వేరూ కూడా ఉంటాయి. నరికిన చెట్టు మోడులాగే, కూలిన చెట్టుకు నేలలో మిగిలిన వేరు నుంచి కూడా చిగురు రావచ్చు. మొదటి రెండు మూడు వానాకాలాలు కలుపు పీకితే చాలు, అడవి తనంతట తను లేస్తుంది. అక్కడ మొక్కలు నాటుతామని గుంతలు తవ్వడం కంటే, లేచిన లాంటానా మొలకను చేత్తో పీకే నలుగురు మనుషులు కావాలి.

బీటు గస్తీ:
అభయారణ్యంల ఇంకో ముడి ఉన్నది. 2000 ఫిబ్రవరి 14 నాడు సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అభయారణ్యాలు, జాతీయ పార్కులల్ల ఎండిన, కూలిన చెట్లు, ఆఖరికి గడ్డి గూడ తీసుడు కుదరదు. కలుపు తీయాలన్నా ఆమోదం పొందిన నిర్వహణ ప్రణాళికల ఉండాలె. ఊరోళ్ళు మంచికే అని కత్తి పట్టుకొని పోతే కేసు అయితది. గూడూరు తమ్ముడు ముందు తెలుసుకోవాల్సింది తన సమితి జాగ అభయారణ్యం లోపటనా, బయటి రిజర్వు అడవినా అని.

గూడూరు వీఎస్ఎస్:
బయటనే అన్నా. అభయారణ్యం హద్దు రాళ్ళు మాకు ఎగువన ఉన్నయి.

బీటు గస్తీ:
అయితే సగం తిప్పలు తప్పినట్టే. అయినా కాగితం లేకుండ పని మొదలువెట్టకు.

ఓరుగల్లు వెంకీ:
ఇంత చర్చ ఎందుకు, జేసీబీ పెట్టి మొత్తం దున్నించి, పిలకల మీద గడ్డి మందు కొట్టిస్తే అయిపోదా? మా పత్తి చేన్ల గట్లకు అదే కొడతాం.

వృక్షం మాస్టారు:
జేసీబీ పళ్ళు నేలను అడుగు లోతు తిరగేస్తాయి. మట్టిలో నిద్రపోతున్న లాంటానా గింజ మొత్తం పైకి వస్తుంది, టేకు పక్క వేర్లు తెగుతాయి, తునికి దుంపలు పోతాయి. ఇక మీరు చెప్పే గడ్డి మందు, అంటే గ్లైఫోసేట్ సంగతి. దాన్ని ఎవరు పడితే వాళ్ళు కొట్టకూడదని, పురుగుమందులు చల్లే లైసెన్సు ఉన్నవాళ్ళతోనే వాడాలని 2022లోనే కేంద్రం కట్టడి చేసింది. పత్తి చేను గట్టు మీద కొట్టడం కూడా ఆ లెక్కన తప్పే. అన్నిటికీ మించి గూడూరు వాళ్ళ అడవి వాగుల నీళ్ళు పాకాల దిక్కు పోయేవైతే ఆ మందు ఎక్కడ తేలుతుంది? కాకతీయుల నాడు గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు, ఈనాటికీ దాని కింద వరి పండుతోంది.

ఓరుగల్లు వెంకీ:
సరే సార్, గట్టు మీద కూడా బంద్.

ఉట్నూరు గూడెం:
రాంరాం. మాది ఆదిలాబాద్ జిల్లా, గోండు గూడెం. మా తాతల కాలంల మాఘమాసం తర్వాత అడవి కింద ఆకు రాలి ఇంకా పచ్చి ఉన్నప్పుడే చిన్న మంట పెట్టేటోళ్ళు. అది గడ్డి మీద పాకి పోయేది, చెట్టుకు తగిలేది కాదు. వానలు పడంగనే గడ్డి కమ్మగ మొలిచేది, జింకలు, పసురాలు రెండు మేసేయి. తర్వాత మంటంటే నేరమైంది. మంట లేదు, మేత తగ్గింది, కంప పెరిగింది. ఇప్పుడు ఏప్రిల్ల ఎవడో బీడీ పారేస్తే లాంటానా తోటి నిప్పు కొమ్మల దాకా ఎక్కుతది. ఎండిన లాంటానా పటపటమని పేలుకుంట మండుతది, ఆర్పపోయినోడు దగ్గరికి పోలేడు. అంతా కాలినంక మొదలు చిగురేసేది మళ్ళ అదే.

బీటు గస్తీ:
మంట గురించి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతది అన్నా. ఫిబ్రవరి నుంచి మే దాకా మా నిద్ర లేదు. తునికాకు చిగురు కోసం అంటువెట్టేటోళ్ళు ఇప్పటికీ ఉన్నరు. తాతల కాలం మంట వేరే, ఇప్పటి అడవి వేరే. కింద మనిషెత్తు లాంటానా ఉన్న కాడ చిన్న మంట అనేదే ఉండదు.

ములుగు అక్క:
తునికాకు మీద తోసెయ్యకు తమ్ముడూ. మా కల్లాల కాడ ఫిబ్రవరి, మార్చిల కొమ్మ కొట్టుడు పని ఉంటది, దానికి కూలి గూడ ఇస్తరు. కొట్టిన కొమ్మకే మంచి ఆకు వస్తది. మంట పెట్టేటోడు ఆకు కోసం పెడుతలేడు, వేటకు పెడుతుండు, దారి కనవడాలని పెడుతుండు.

బీటు గస్తీ:
మీ ఊర్ల అట్ల ఉంటే సంతోషం అక్కా. అన్ని ఊర్ల లేదు.

ఉట్నూరు గూడెం:
నేను మంట పెట్టుమంటలేను. ముందు కంప తీసి, గడ్డి వచ్చినంక, ఊరోళ్ళు, ఫారెస్టోళ్ళు కలిసి, ఎప్పుడు ఎక్కడ అన్నది నిర్ణయించుకోవచ్చు అంటున్న. 2006 అటవీ హక్కుల చట్టంల సెక్షన్ 3(1)(ఐ) అని ఒకటున్నది. ఊరు సంప్రదాయంగ కాపాడుకుంటున్న సామూహిక అడవిని రక్షించుడు, తిరిగి పెంచుడు, నిర్వహించుడు గ్రామసభకు హక్కు. మనోళ్ళు పోడు పట్టా వరకే చదివి ఆగిపోతున్నరు. గూడూరు దోస్తు గ్రామసభల ఆ ముచ్చట తీస్తే కాంట్రాక్టరు అవసరమే రాకపోవచ్చు.

జన్నారం పోరడు:
కవ్వాల్ ముచ్చట చెప్త. 2012ల పులుల అభయారణ్యం అయిన కాడ్నుంచి లోపట గడ్డి మైదానాల మీద పని నడుస్తున్నది. కంప తీసిన కాడ ఊకెనే వదిలెయ్యరు, గడ్డి నిలవెడతరు. గడ్డి వస్తే చుక్కల దుప్పి వస్తది, మనుబోతు వస్తది. మహారాష్ట్రల ఉన్న తడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి వచ్చే పులి ఆగుడు ఆగకపోవుడు ఆ దుప్పి మీదనే ఉన్నది. కంప అడవిల దుప్పికి తిండి లేదు, ఊరి చేన్లకు పోతది. అడవిపందికి మాత్రం పొద మంచి అడ్డా, పగలు పొద, రాత్రి మక్కచేను. మా దిక్కు రైతులు లాంటానాను తిట్టేది పందుల వల్లనే.

కడెం మండలంల రాంపూర్, మైసంపేట గూడేలు కోర్, అంటే పులుల అడవి నడిమి భాగం, నుంచి బయటికి వచ్చినయి. అటువంటి ఖాళీ చేన్లనే ముందు చూసుకోవాలె అంటరు మా వాచర్లు. దున్నుడు ఆగిన నేలకు మొదలు వచ్చేది పిచ్చి తులసి, వయ్యారిభామ. గడ్డి ముందు వస్తదా, కలుపు ముందు వస్తదా అన్నది మొదటి వానకాలంలనే తేలుతది.

ఎల్లన్న మేకలు:
నాకు గొర్లు, మేకలు, నాలుగు బర్లు ఉన్నయి. మేకలు తింటయి గద, మంద తోలితే కంప పోదా అని అడిగేటోళ్ళు ఉన్నరు. లాంటానా మేపుడు అంటే పసురం పాణం తీసుడే. కరువు కాలంల ఇంకేం లేక బర్రె కొరుకుతది. రెండు మూడు రోజులకు మేత బంద్ చేస్తది, కండ్లల్ల పసుపు దిగుతది, పేడ ఎండి ఆగిపోతది, ఎండకు నిలబడితే ముట్టె, చెవులు పగిలి తోలు లేస్తది. నీడకు కట్టేసి వెంటనే డాక్టరును పిలువాలె, ఆలస్యం అయితే దక్కదు. పిచ్చి తులసిని అయితే వాసనకే ముట్టదు.

మేకలు ఇష్టంగ తినేది సర్కారు తుమ్మ కాయ. అది తియ్యగుంటది. గింజ పేడల నుంచి పడి పేడలనే మొలుస్తది.

బొగ్గుబట్టి:
ఎల్లన్నా, సర్కారు తుమ్మ మాట వచ్చింది కాబట్టి. మాది జనగామ వైపు, బొగ్గు వ్యాపారం. ఈ చెట్టు మన దేశంలో మొదట అడుగుపెట్టింది తెలుగు నేల మీదే, 1877లో కడపలో వంటచెరుకు కోసం. ఇప్పుడు చెరువు శిఖాలన్నీ దానివే. మా బట్టీలు లేకపోతే అది ఇంకా ఎంత పెరిగేదో. లాంటానాకు కూడా అలాంటి గిరాకీ కల్పిస్తే సరి. తమిళనాడులో 2022లో పరాయి మొక్కల మీద ఒక విధానమే తెచ్చారు, అక్కడ నీలగిరి అడవుల్లో సెన్నా స్పెక్టాబిలిస్ అనే చెట్టును కొట్టి కాగితం మిల్లుకు పంపుతున్నారు. మనకు కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు ఉంది కదా.

వృక్షం మాస్టారు:
సెన్నా పెద్ద మాను, లారీకి ఎక్కించవచ్చు. లాంటానా బొటనవేలు లావు కొమ్మ, ముళ్ళు, మెలికలు. లారీ నిండినా బరువు తూగదు, కిరాయి కూడా రాదు. కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల దగ్గర సోలిగ గిరిజనులు ఆ కొమ్మను ఉడకబెట్టి తొక్క తీసి కుర్చీలు, నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేస్తున్నారు, అది మెచ్చుకోవలసిన పని. అయితే నాలుగు గూడేలకు కూలి దొరకడం వేరు, అడవి శుభ్రపడటం వేరు.

మీ బట్టీల మీద ఒక అనుమానం చెప్పనా? మీరు సర్కారు తుమ్మను నరుకుతారు, వేరు తీయరు. మూడేళ్ళకు మళ్ళీ కొట్టుబడికి వస్తుంది. మీకు అది పంట. పోవాలని మీరెందుకు కోరుకుంటారు?

బొగ్గుబట్టి:
మాస్టారూ, సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. కోరుకోను. వేరు తీసే కూలి నాకు ఎవరూ ఇవ్వరు. ఇస్తే తీస్తాను.

బీటు గస్తీ:
😄 ఈ చర్చ మొత్తంల నిఖార్సయిన మాట.

సీతాకోక ఫోటో:
పురుగులతో తినిపించే పద్ధతి ఉందంటారు కదా? వయ్యారిభామ మీద మెక్సికో పెంకుపురుగును వదిలినట్టు.

వృక్షం మాస్టారు:
వయ్యారిభామ మీద 1980లలో బెంగళూరు నుంచి వదిలిన ఆ పెంకుపురుగు వానాకాలంలో కొంత పని చేస్తుంది, ఆకులన్నీ జల్లెడ చేస్తుంది, ఎండలు రాగానే కనిపించదు. లాంటానా కథ ఇంకా తమాషా. 1941లో దాని మీద వదలడానికి ఆస్ట్రేలియా నుంచి ఒక నల్లిలాంటి పురుగును డెహ్రాడూన్‌కు తెచ్చారు. ప్రయోగశాలలో పెట్టి చూస్తే అది టేకు పువ్వుల మీద కూడా బతికింది. టేకుకు ముప్పని మొత్తం చంపేయాలనుకున్నారు. ఈలోగా కొన్ని తప్పించుకుని బయటపడ్డాయి. ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. టేకుకు ఏమీ కాలేదు, లాంటానాకూ ఏమీ కాలేదు. ఆకులు కాస్త వాడతాయి, మళ్ళీ చిగురిస్తాయి. గూడూరు టేకులో ఆకుల కింద చూస్తే అవి కనబడినా ఆశ్చర్యపోను.

గూడూరు వీఎస్ఎస్:
మస్తు ముచ్చట్లు తెలిసినయి. ఇగ నా పనికి వస్త. టేకులనే కంప ఎందుకు ఎక్కువ, పక్కన కలిసిన అడవిల ఎందుకు తక్కువ?

వృక్షం మాస్టారు:
టేకు ఒకేసారి బోడిగా ఆకు రాలుస్తుంది. ఎండాకాలమంతా కింద నేలకు ఎండే. పైగా ప్లాంటేషన్‌లో అన్నీ ఒకే వయసు చెట్లు, మధ్యలో పలచన చేయడానికి కొన్ని కొట్టేస్తారు, కొట్టిన ప్రతిచోటా వెలుతురు గుంట పడుతుంది. కింద పొద, పిల్ల చెట్టు, తీగ అనే అంతస్తులు లేవు. ఖాళీ అంతస్తులోకి లాంటానా వచ్చింది. కలిసిన అడవిలో ఆ చోట్లు ముందే నిండి ఉన్నాయి. అందుకే టేకు మధ్య ఖాళీల్లో కొడిశ, మొర్రి, నెమలినార, వెదురు లేస్తే లేవనివ్వండి, కలుపనుకుని కొట్టించకండి. ప్లాంటేషన్ శుభ్రంగా కనబడాలన్న యావ కూడా లాంటానాకు దారి.

బీటు గస్తీ:
ఆ యావ మాకు నేర్పిందే. ఇన్స్పెక్షన్ అంటే కింద ఊడ్చినట్టు ఉండాలె.

ఉట్నూరు గూడెం:
ఎక్కడ్నుంచి మొదలువెట్టాల్నో చెప్త. బాగ ముదిరిన కాడ కాదు. తక్కువ ఉన్న కాడ, మంచి అడవి అంచున. ఒక్కో పొద పీకితే ఎకరం కాపాడినట్టు. ముదిరిన కాడికి చివరికి రా. వాగు ఒడ్డు గూడ ముందే చూసుకో, నీళ్ళల్ల గింజ కిందికి కొట్టుకపోతది.

జన్నారం పోరడు:
అవునన్నా. సర్కారు లెక్క దీనికి ఉల్టా, ఎక్కువ ఉన్న కాడ కొడితేనే పని కనవడతది గదా.

ములుగు అక్క:
పెద్ద చెట్ల మొదలు కాడ చూడు తమ్ముడూ. పిట్టలు కూసునే కొమ్మ కింద మొలకలు గుంపుగ ఉంటయి. వాన పడ్డ తెల్లారి వేలితో పీకితే వస్తయి. మా సంఘపు ఆడోళ్ళం తునికాకు అయిపోయినంక ఖాళీనే ఉంటం, మీ ఊర్ల గూడ ఉంటరు. కాంట్రాక్టరుకు ఇచ్చే పైసలు వాళ్ళకియ్యి.

గూడూరు వీఎస్ఎస్:
ఇదీ నచ్చింది అక్కా. గడ్డి ఎట్ల తేవాలె? విత్తనం ఎవరన్న అమ్ముతరా?

జన్నారం పోరడు:
కొనకు. బయటి విత్తనం తెస్తే ఇంకో కొత్త కలుపు తెచ్చుకున్నట్టే. మీ అడవిలనే కంప లేని దిబ్బ మీద బోద గడ్డి, చీపురు గడ్డి ఉంటది. దసరా దాటినంక, కార్తీకం నుంచి గింజ ఎండుతది. చేత్తోటి దూస్తే రాలాలె, అప్పుడు కోసి నీడకు ఆరబెట్టి బస్తాల పెట్టు. పిచ్చి తులసి గింజ గూడ అప్పుడే ఎండుతది, లుంగీకి అంటుకొని వస్తది, అది కలవకుండ చూసుకో. నీళ్ళల్ల వేస్తే సబ్జా గింజ తీరు జిగురుగ ఉబ్బుతది, గుర్తుపట్టొచ్చు. మృగశిర కార్తె వానకు గడ్డి గింజ చల్లు. మొదటి ఏడు మేత బంద్ పెట్టాలె, ఎల్లన్న అసొంటోళ్ళతోని ముందే మాట్లాడుకో.

ఎల్లన్న మేకలు:
ఒక వానకాలం ఆగుమంటే ఆగుతం. వచ్చే ఏడు కోసుకపోనిస్తమని మాటియ్యాలె. గడ్డి పెరిగి ఎండినంక ఫారెస్టోళ్ళే అంటుకుంటదని భయపడేకన్న మేం కోసుకపోతే అందరికి మంచిది గద.

గూడూరు వీఎస్ఎస్:
సరే. తీర్మానం ఇట్ల రాస్తున్న, తప్పుంటే చెప్పుండ్రి. ‘లాంటానా తొలగింపు పనికి సమితి సమ్మతి ఇస్తున్నది. పని వానలు పడి నేల మెత్తబడ్డాక, కాయ నల్లబడక ముందు జరగాలి. వేరు నేల కింద 3 అంగుళాల వద్ద తెంపాలి, జేసీబీ, గడ్డి మందు వాడరాదు, కుప్పలు కాల్చరాదు. వాగు ఒడ్డు, కలిసిన అడవి అంచు ముందు, టేకు ముదురు పొదలు తర్వాత. కొలత సమితి సభ్యుల ముందర, మోడులు పీకి చూసి జరగాలి. కూలి ఊరి మహిళా సంఘాల ద్వారా ఇవ్వాలి. రెండో, మూడో ఏడు మొలకలు పీకే పనికి నిధి ఇప్పుడే మంజూరు కావాలి. మొదటి ఏడు మేత నిలుపుదల, రెండో ఏడు నుంచి గడ్డి కోతకు ఊరికి అనుమతి.’

వృక్షం మాస్టారు:
బాగుంది. ‘సహజంగా లేచిన అడవి మొక్కలను కలుపుగా భావించి కొట్టరాదు’ అని కలపండి. మేస్త్రీలకు లాంటానా పిలకకూ కొడిశ పిల్లకూ తేడా తెలియకపోవచ్చు. మొదటిరోజు సమితి నుంచి ఒకరు వెంట తిరిగి, ఉంచవలసిన మొక్కలకు గుడ్డ పీలిక కట్టండి.

బొగ్గుబట్టి:
అడవి రోడ్లకు బయటి మొరం తోలొద్దని కూడా రాయండి. లారీ మొరంతో పాటు వయ్యారిభామ గింజ ఉచితం.

బీటు గస్తీ:
రెండో మూడో ఏడు నిధి ఇప్పుడే అంటే ఒప్పుకోరు, బడ్జెట్ ఏడాదికేడాది వస్తది. ‘తదుపరి రెండేళ్ళ నిర్వహణను ఈ పనిలో భాగంగా అంచనాలో చేర్చాలి, చేర్చని పక్షంలో అంతే విస్తీర్ణం తగ్గించి చేయాలి’ అని మార్చు. తక్కువ జాగ, మూడేండ్లు. వందెకరాలు ఒక్క ఏడు కొట్టేకన్న ముప్పై ఎకరాలు మూడేండ్లు నయం. దానికి ఎవరు కాదనలేరు.

గూడూరు వీఎస్ఎస్:
మార్చిన అన్నా. మొరం ముచ్చట, గుడ్డ పీలిక ముచ్చట గూడ కలిపిన. ఐతారం సమితి కూసుంటది, సంతకాలు అయితే సోమవారం రేంజ్ ఆఫీసుల ఇస్త.

బీటు గస్తీ:
ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తేదీ ఏయించుకో. గ్రామసభ తీర్మానం గూడ జోడిస్తే ఇంకా గట్టి. కొలత రోజు నీకు ముందే చెప్పాలన్న మాట మాత్రం మొదటి పేజీలనే ఉండాలె, చివరి పేజీ ఎవరు చదవరు.